లెక్కకు వచ్చినవీ, రానివీ: మంచుగడ్డ నుంచి కృష్ణబిలం దాకా ఎంట్రోపీ కొలతలు

ఒక వస్తువులోకి నెమ్మదిగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి మళ్లించగలిగే రీతిలో చేరిన వేడిని, ఆ క్షణాన ఆ వస్తువుకున్న ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే రాశికి జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. ఆవిరి యంత్రం నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టవచ్చునని 1824లో ఫ్రాన్సులో సాదీ కార్నో వేసిన ప్రశ్న, నలభై ఏళ్ల పాటు అనేకుల చేతుల్లో సానపడి, చివరికి ఈ భాగహారం దగ్గర స్థిరపడింది. ఆ నిర్వచనంలో అణువుల ఊసు లేదు, సంభావ్యత ఊసు లేదు, ఎవరికైనా ఏదైనా తెలియడం, తెలియకపోవడం అన్న ప్రసక్తే లేదు. దానికి కావలసిందల్లా ఒక థర్మామీటరు, వేడిని కొలిచే ఒక కెలోరీమీటరు. 1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న క్లాడ్ షానన్, టెలిఫోను తీగల మీదా టెలిగ్రాఫు తీగల మీదా సాగే సందేశాల్లోని సమాచారాన్ని కొలవడానికి ఒక సూత్రం రాసి, దానికీ ఎంట్రోపీ అన్న పేరే వాడాడు. ఆ సూత్రానికి మాత్రం ఉష్ణోగ్రతతో నిమిత్తం లేదు. మొదటిదాన్ని కెల్విన్‌కు ఇన్ని జౌళ్లు అని కొలుస్తారు, రెండోదాన్ని బిట్లలో కొలుస్తారు. రెండూ ఒకటేనని చెప్పడం తేలిక, చాలా పుస్తకాలు ఆ మాట చెప్పి ముందుకు సాగిపోతాయి. ఏ షరతు మీద ఒకటవుతాయన్నది మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. ఆ షరతు మంచుగడ్డలో ఎలా పనిచేస్తుందో, ఒంటరి రేణువులో ఎలా పనిచేస్తుందో, నక్షత్రాల పరిమాణంలో ఎలా పనిచేస్తుందో విడివిడిగా చూస్తే గాని దాని స్వరూపం అర్థం కాదు.

ఈ రెంటినీ కలిపే మెట్టును లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1877లోనే వేసి ఉంచాడు. సీసాలో బిగించిన వాయువును బయటి నుంచి వర్ణించడానికి ఉష్ణోగ్రత, పీడనం, ఘనపరిమాణం వంటి కొద్దిపాటి సంఖ్యలు చాలు, ఆ వర్ణనను స్థూలస్థితి అంటారు. అదే వాయువులో ప్రతి అణువూ ఎక్కడున్నదో, ఎటువైపు ఎంత వేగంతో పోతున్నదో చెప్పగలిగితే ఆ వర్ణన సూక్ష్మస్థితి అవుతుంది. ఒక్కో స్థూలస్థితికి లోబడి ఊహకందనన్ని సూక్ష్మస్థితులు ఉంటాయనీ, వాటి సంఖ్యకు లాగరిథమ్ తీసి ఒక స్థిరాంకంతో గుణిస్తే క్లాసియస్ ఎంట్రోపీ వస్తుందనీ బోల్ట్‌జ్‌మన్ వాదం. వియన్నాలో ఆయన సమాధి మీద చెక్కి ఉన్న సమీకరణం ఇదే, అయితే ఆ రూపంలో దాన్ని మొదట రాసింది బోల్ట్‌జ్‌మన్ కాదు, మాక్స్ ప్లాంక్. అందులోని స్థిరాంకం విలువను 2019 మే 20 నుంచి కెల్విన్‌కు 1.380649×10⁻²³ జౌళ్లుగా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కచ్చితంగా స్థిరపరిచారు, అంటే ఇప్పుడు దాన్ని ప్రయోగం చేసి కనుక్కోవలసిన అవసరం లేదు. కిలోమీటర్లను మైళ్లుగా మార్చే గుణకం లాంటిదే ఇదీనూ: ఒక బిట్‌కు సమానమైన ఎంట్రోపీ కెల్విన్‌కు 9.57×10⁻²⁴ జౌళ్లు. కాబట్టి రసాయనశాస్త్ర పట్టికల్లో కనిపించే ఏ ఎంట్రోపీనైనా బిట్లలోకి మార్చి రాయవచ్చు, అలా రాసినప్పుడు ఆ సంఖ్యకు ఒక స్పష్టమైన అర్థం కూడా వస్తుంది. స్థూలస్థితి తెలిసిన మనిషి, అసలు సూక్ష్మస్థితి ఏదో తేల్చుకోవడానికి అవును, కాదు అనే జవాబులు వచ్చే ప్రశ్నలు ఇంకా ఎన్ని వేయాలో ఆ సంఖ్య చెబుతుంది.

ఈ మార్పిడిలో ముందుగా ఆశ్చర్యపరిచేది రెండు రకాల సంఖ్యల మధ్య ఉన్న వ్యత్యాసం. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవరూపంలోని నీటికి అణువుకు సుమారు 12 బిట్ల ఎంట్రోపీ ఉంటుంది, నీటి ఆవిరికి అణువుకు దాదాపు 33 బిట్లు, పరమాణువులన్నీ గట్టిగా బిగుసుకుని కదలడానికి సందివ్వని వజ్రానికి కార్బన్ పరమాణువుకు అర బిట్ కూడా ఉండదు. మంచు కరిగేటప్పుడు ప్రతి అణువుకూ 3.8 బిట్లు, నీరు మరిగేటప్పుడు దాదాపు 19 బిట్లు అదనంగా చేరతాయి. ఒక గ్రాము నీటిని గది ఉష్ణోగ్రత వద్ద ఒక్క డిగ్రీ వేడి చేస్తే పెరిగే ఎంట్రోపీ 1.5×10²¹ బిట్లు, అన్ని బిట్లను ఎక్కడైనా రాసి దాచాలంటే ఒక టెరాబైటు డిస్కులు 18 కోట్లకు పైగా కావాలి. మానవజాతి భద్రపరిచే రాతలూ బొమ్మలూ పాటలూ ఉష్ణగతిశాస్త్రపు లెక్కలో కంటికి ఆననంత చిన్నవి కావడానికి కారణం ఇదే. డిస్కు మీద ఒక్క బిట్ రాయడానికి లక్షల పరమాణువులు కలిసికట్టుగా ఒకే వైపు మొగ్గాలి, ఆ లక్షల పరమాణువుల సొంత కదలికలు ఎవరి లెక్కలోకీ రావు.

అసలు విషయం ఆ చివరి మాటలోనే ఉంది. లెక్కపెట్టే ముందు ఏ తేడాలను తేడాలుగా పరిగణించాలో, వేటిని వదిలేయాలో నిర్ణయించుకోవాలి; ఆ నిర్ణయం జరగకుండా ఎంట్రోపీకి సంఖ్య లేదు. డిస్కు తయారుచేసేవాడు అయస్కాంతపు దిశను మాత్రమే చూస్తాడు, అదే డిస్కును కెలోరీమీటరులో పెట్టినవాడికి పరమాణువుల కంపనాలన్నీ తగులుతాయి, ఇద్దరికీ వచ్చే జవాబులు వేరు, రెండూ సరైనవే. ఇంత మాత్రాన ఎంట్రోపీ కొలిచేవాడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడే రాశి అని అనుకోవడం తొందరపాటు. ఏ తేడాలు లెక్కకు వస్తాయన్నది ఒకసారి నిర్ణయమయ్యాక ప్రకృతి ఇచ్చే జవాబు ఒక్కటే, దాన్ని ప్రయోగంతో సరిచూసుకోవచ్చు. అలా సరిచూసుకున్న సందర్భాల్లో అన్నింటికన్నా అందమైనది మామూలు మంచుగడ్డది.

మంచులో మిగిలిపోయిన ఎంట్రోపీ

ఒక పదార్థపు ఎంట్రోపీని కెలోరీమీటరుతో కొలవడమంటే ఓపికతో కూడిన కూడిక. పదార్థాన్ని సాధ్యమైనంతవరకు పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గరికి చల్లార్చి, విద్యుత్తు ద్వారా కొద్దికొద్దిగా వేడిని అందిస్తూ, ప్రతి విడతలోనూ ఎంత వేడికి ఎన్ని డిగ్రీలు పెరిగిందో రాసుకుంటూ, ఆ వేడిని అప్పటి ఉష్ణోగ్రతతో భాగించి మొత్తానికి కలుపుతూ పోవాలి. కరిగే చోట, మరిగే చోట గుప్తోష్ణాన్ని ఆ ఉష్ణోగ్రతతో భాగించి దాన్నీ కలపాలి. ఈ కూడిక ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్నకు జవాబు వాల్టర్ నెర్న్‌స్ట్ 1906లో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి వచ్చింది. దాని పరిణత రూపం ప్రకారం, లోపం లేని స్ఫటికానికి పరమశూన్యం వద్ద ఎంట్రోపీ సున్నా. అంటే అక్కడ సూక్ష్మస్థితి ఒకటే ఒకటి, అడగడానికి ప్రశ్న మిగలదు.

అదే ఎంట్రోపీని వేడితో సంబంధం లేకుండా రెండో దారిలో లెక్కకట్టవచ్చు. అణువు పీల్చుకునే, వెదజల్లే కాంతిని పరిశీలిస్తే దాని భ్రమణాలకూ కంపనాలకూ ఏయే శక్తి స్థాయిలున్నాయో తెలుస్తుంది, వాటి నుంచి సూక్ష్మస్థితులను నేరుగా లెక్కించవచ్చు. అణువు అటూ ఇటూ స్వేచ్ఛగా కదలడం వల్ల వచ్చే భాగానికి 1911, 1912 సంవత్సరాల్లో జర్మనీలో ఓటో సాకుర్, నెదర్లాండ్స్‌లో అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండని హ్యూగో టెట్రోడ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా సూత్రం కనుగొన్నారు. ఇలా ఒకే రాశికి రెండు దారులు ఏర్పడ్డాయి: ఒక దారిలో వేడే తప్ప లెక్కపెట్టడం లేదు, రెండో దారిలో లెక్కపెట్టడమే తప్ప వేడి లేదు. రెండు దారులూ ఒకే చోటికి చేరితే బోల్ట్‌జ్‌మన్ వాదం నిజమైనట్టు, చేరకపోతే ఎక్కడో ఏదో దాగి ఉన్నట్టు.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విలియం జియోక్ తన జీవితకాలంలో చాలా భాగం ఈ పోలికకే ఖర్చుపెట్టాడు, 1949లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతి కూడా పరమశూన్యం దగ్గరి ఉష్ణోగ్రతల్లో పదార్థాల ప్రవర్తన మీద చేసిన పనికే. ఆయనా, జాన్ స్టౌట్ కలిసి 1936లో మంచు విశిష్టోష్ణాన్ని 15 కెల్విన్‌ల నుంచి 273 కెల్విన్‌ల దాకా కొలిచి, కూడిక పూర్తిచేసి, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఆవిరికి కెల్విన్‌కు, మోల్‌కు 44.28 కెలోరీలు అనే సంఖ్య దగ్గరికి వచ్చారు. కాంతి కొలతల నుంచి లెక్కకట్టిన సంఖ్య 45.10. తేడా 0.82. చూడడానికి ఇది చిన్నదే, నూటికి రెండు పాళ్లు కూడా లేదు, అయినా ప్రయోగంలో ఉండగల పొరపాటు 0.05 మాత్రమే గనుక ఈ తేడాను పక్కకు నెట్టడానికి వీల్లేదు. కెలోరీమీటరు తగ్గించి చెప్పిందంటే దాని అర్థం ఒకటే: 15 కెల్విన్‌ల చలిలో కూడా మంచులో కొంత అనిశ్చితి గడ్డకట్టుకుని ఉండిపోయింది, అది వేడిగా బయటపడదు గనుక వేడిని మాత్రమే చూసే పరికరానికి కనిపించదు.

ఆ అనిశ్చితి ఎక్కడుందో లైనస్ పౌలింగ్ 1935లోనే, జియోక్ బృందం అంతకుముందు చేసిన కొలతలను ఆధారం చేసుకుని, ఒక చిన్న వ్యాసంలో చెప్పేశాడు. మంచులో ప్రతి ఆక్సిజన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి, పక్కపక్కనున్న ప్రతి జంట మధ్యా ఒక హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ సరిగ్గా మధ్యలో ఉండక ఏదో ఒక ఆక్సిజన్ వైపు జరిగి ఉంటుంది గనుక, ఒక్కో హైడ్రోజన్‌కు రెండేసి చోట్లున్నాయి. అయితే నీరు నీరుగానే ఉండాలంటే ప్రతి ఆక్సిజన్‌కూ దగ్గరగా సరిగ్గా రెండు హైడ్రోజన్‌లు, దూరంగా రెండు ఉండాలి. ఒక ఆక్సిజన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్‌లను అమర్చే 16 విధాల్లో ఈ నియమానికి ఒదిగేవి 6 మాత్రమే. అణువుకు రెండు హైడ్రోజన్‌లు చొప్పున నియమం లేకుండా అణువుకు నాలుగు అమరికలుండేవి, నియమం వల్ల అవి పదహారింట ఆరు వంతులకు తగ్గాయి, నాలుగును ఆరుతో గుణించి పదహారుతో భాగిస్తే ఒకటిన్నర. అంటే మంచులో ప్రతి అణువుకూ సగటున ఒకటిన్నర అమరికలు మిగిలి ఉన్నాయి. దాని లాగరిథమ్‌ను కెలోరీల్లోకి మారిస్తే 0.806 వస్తుంది, కెలోరీమీటరు చెప్పిన 0.82కు అది ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. బిట్లలో చెప్పుకుంటే అణువుకు 0.585 బిట్. పద్దెనిమిది గ్రాముల మంచుగడ్డలో హైడ్రోజన్‌లు ఎటువైపు మొగ్గాయో పూర్తిగా రాయాలంటే 3.5×10²³ బిట్లు కావాలి, పైగా ఆ బిట్లలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ చదవలేదు, చదవనవసరం లేకుండానే వాటి సంఖ్య మాత్రం కచ్చితంగా తెలిసింది.

పౌలింగ్ లెక్క ఉజ్జాయింపు, ఎందుకంటే పక్కపక్క ఆక్సిజన్‌ల నియమాలు వలయాలుగా ఒకదాన్నొకటి ప్రభావితం చేసే తీరును అది పట్టించుకోదు. 1966లో జాన్ నేగిల్ ఆ లోటు సరిచేస్తే జవాబు నూటికి ఒక పాలు మాత్రమే పెరిగింది. ఇటువంటి మిగులు మంచుకే పరిమితం కాదు. కార్బన్ మోనాక్సైడ్ అణువుకు ఒక కొసన కార్బన్, మరో కొసన ఆక్సిజన్, రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి గనుక స్ఫటికం కట్టేటప్పుడు అణువు ఏ దిక్కున తల పెట్టుకున్నా చెల్లిపోతుంది, దాంతో అణువుకు ఒక పూర్తి బిట్‌కు కొంచెం తక్కువగా, సుమారు 0.8 బిట్ ఎంట్రోపీ చలిలో కూడా అలాగే నిలిచిపోతుంది. మంచులోని మిగులును వదిలించే మార్గం కూడా ఉందని 1980ల తొలినాళ్లలో ఒసాకాలో హిరోషి సుగా బృందం చూపింది: మంచులో కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే హైడ్రోజన్‌లకు కదిలే వీలు చిక్కి, 72 కెల్విన్‌ల వద్ద అవి ఒక క్రమంలోకి సర్దుకుంటాయి, ఆ సర్దుబాటులో మిగులు ఎంట్రోపీలో పెద్ద భాగం వేడి రూపంలో బయటికి వచ్చి కెలోరీమీటరుకు దొరుకుతుంది.

పట్టికలో చేరనివి

మంచు లెక్క అంత చక్కగా కుదిరింది గనుక అక్కడితో నీటి గురించి తెలియాల్సిందంతా తెలిసిపోయిందనిపిస్తుంది, కాని ఆ లెక్కలో ఉద్దేశపూర్వకంగా వదిలేసినవి ఉన్నాయి. హైడ్రోజన్ కేంద్రకానికి స్పిన్ అనే అయస్కాంత గుణం ఉంది, అది రెండు దిశల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకోగలదు. అణువుకు రెండు హైడ్రోజన్‌లు గనుక దీనివల్లనే అణువుకు 2 బిట్లు రావాలి. పౌలింగ్ పట్టుకున్న 0.585 బిట్‌కు ఇది మూడు రెట్ల కంటే ఎక్కువ! అయినా రసాయనశాస్త్ర పట్టికల్లో ఈ రెండు బిట్లు ఎక్కడా కనిపించవు. ఆక్సిజన్‌లోనూ అదే కథ: ప్రకృతిలో దొరికే ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు 500కు ఒకటి బరువైన ఆక్సిజన్-18 ఐసోటోపు, ఏ అణువులో ఏది ఉందో తెలియకపోవడం వల్ల ఆక్సిజన్‌కు 0.02 బిట్ చొప్పున చేరాలి, అదీ చేర్చరు. ఇక్కడ గమనించదగ్గ సంగతి, ఆక్సిజన్‌కు బరువైన ఐసోటోపులున్నాయని 1929లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు జియోక్, రెండోవాడు హెరిక్ జాన్‌స్టన్. తేడా ఉన్నదని అందరికన్నా ముందు తెలిసినవాడే తన పట్టికలో దాన్ని లెక్కించలేదు.

ఇది నిర్లక్ష్యం కాదు. మంచు కరిగినా, నీరు మరిగినా, ఆవిరి మరో పదార్థంతో కలిసి రసాయనచర్య జరిపినా కేంద్రకాల స్పిన్ తికమక మొదట ఎంతో చివరా అంతే ఉంటుంది, ఐసోటోపుల కలగాపులగమూ అంతే. మొదటి నుంచీ చివరి దాకా మారనిదాన్ని రెండు వైపులా కలిపినా, రెండు వైపులా వదిలేసినా తేడా ఒకటే వస్తుంది. అదే ఐసోటోపులను వేరుచేసే కర్మాగారంలో పనిచేసే ఇంజనీరు ఆ 0.02 బిట్‌ను వదిలేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆయన పనంతా ఆ తేడా మీదే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ శాస్త్రవేత్త విలార్డ్ గిబ్స్‌ను తికమక పెట్టిన చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది: రెండు వేర్వేరు వాయువులను కలిపితే ఎంట్రోపీ పెరుగుతుంది, ఒకే వాయువు రెండు భాగాలను కలిపితే పెరగదు, మరి ఆ రెండు వాయువుల మధ్య తేడా ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో ఎంట్రోపీ పెరిగినట్టా, పెరగనట్టా? తేడాను ఉపయోగించుకుని పని రాబట్టే సాధనం లేనివాడికి పెరగనట్టే, సాధనం చేతికి వచ్చినవాడికి పెరిగినట్టే అని ఇరవయ్యో శతాబ్దంలో ఎడ్విన్ జేన్స్ ఇచ్చిన వివరణ చాలామందికి మొదట మింగుడుపడలేదు గాని, ప్రయోగశాలల్లో నిజంగా జరిగేది మాత్రం అదే.

భాష విషయంలోనూ ఇదే ప్రశ్న మరో వేషంలో వస్తుంది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి తమిళ వచనానికి షానన్ ఎంట్రోపీని లెక్కించిన తరువాత, పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి 1968లో తెలుగు వచనం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. తెలుగులో గుణింతమూ వత్తూ కలిసిన అక్షరాన్ని ఒక సంకేతంగా తీసుకుంటే ఒక్కో సంకేతానికి ఎక్కువ బిట్లు పడతాయి, అచ్చులూ హల్లులూ విడదీసి వరుసగా రాస్తే ఒక్కో సంకేతానికి తక్కువ బిట్లు పడి సంకేతాల సంఖ్య పెరుగుతుంది. ముందున్న సంకేతాలన్నింటినీ దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తే, పుస్తకం మొత్తానికి పడే బిట్లు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. ప్రమాణాన్ని చెప్పకుండా అక్షరానికి ఇన్ని బిట్లు అనడం ఎంత అసంపూర్ణమో, లెక్కలోకి తీసుకున్న తేడాలను చెప్పకుండా అణువుకు ఇన్ని బిట్లు అనడమూ అంతే అసంపూర్ణం.

తేడాలను ఇంకా ఇంకా సూక్ష్మంగా చూస్తూ పోతే ఈ సంఖ్యకు అంతెక్కడన్న సందేహం సహజంగానే వస్తుంది. అణువు ఉన్న చోటును మిల్లీమీటరులో చెప్పవచ్చు, మిల్లీమీటరులో లక్షో వంతులో చెప్పవచ్చు, ప్రతిసారీ బిట్లు పెరుగుతాయి, పాత భౌతికశాస్త్రంలో ఈ పెరుగుదలకు అడ్డుకట్ట లేదు. అడ్డుకట్ట ఎక్కడుందో సాకుర్, టెట్రోడ్ సూత్రం చెప్పింది: స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ కలిపి చూసినప్పుడు ప్లాంక్ స్థిరాంకం కంటే చిన్న గడిలో రెండు స్థితులను వేరుగా లెక్కించకూడదు. పాదరసపు ఆవిరి మీద జరిగిన కొలతలతో పోల్చి చూస్తే ఆ గడి పరిమాణం సరిగ్గా ప్లాంక్ స్థిరాంకమేనని టెట్రోడ్ చూపాడు. క్వాంటం యాంత్రికశాస్త్రం పుట్టడానికి పుష్కరకాలం ముందే, కొలత పాత్రలోని ఆవిరి పీడనం నుంచి, ప్రకృతిలో సూక్ష్మతకు ఒక హద్దు ఉందని తెలియడం ఎంట్రోపీ కొలతలు సాధించిన ఘనకార్యం, దానికి దక్కాల్సిన పేరు దక్కలేదనే చెప్పాలి. కాంతి రేణువులను ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుగా ఎంచకూడదన్న మరో నియమాన్ని 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ చేర్చాడు.

ఒంటరి రేణువు దగ్గర

గ్రాముల్లో ఉన్న పదార్థానికి ఎంట్రోపీ ఎంత నమ్మకమైన రాశో, ఒకే ఒక్క రేణువు దగ్గర అది అంత చిక్కైనది. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1867లో తన మిత్రుడు పీటర్ టేట్‌కు రాసిన ఉత్తరంలో, వాయువు నిండిన రెండు గదుల మధ్య తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువులను ఒక వైపుకూ నెమ్మదిగా వచ్చేవాటిని మరో వైపుకూ పంపే ఒక చిన్న జీవిని ఊహించాడు. పని ఏమీ చేయకుండానే ఒక గది వేడెక్కుతుంది, రెండోది చల్లబడుతుంది, ఎంట్రోపీ తగ్గకూడదన్న ఉష్ణగతిశాస్త్ర రెండో నియమం ఓడిపోతుంది. లియో జిలార్డ్ 1929లో ఆ ఊహను దాని అతి చిన్న రూపానికి కుదించాడు: డబ్బాలో ఒకే అణువు, మధ్యలో ఒక తెర, అణువు తెరకు ఎడమన ఉందో కుడిన ఉందో తెలిస్తే చాలు, ఆ ఒక్క బిట్ సమాచారంతో గది ఉష్ణోగ్రత వద్ద 2.9×10⁻²¹ జౌళ్ల పని రాబట్టవచ్చు. మరి రెండో నియమం మిగలాలంటే ఈ పనికి ఎక్కడో మూల్యం చెల్లించాలి. ఆ మూల్యం కొలవడంలో ఉందని చాలాకాలం భావించారు. ఐబీఎంలో పనిచేసిన రోల్ఫ్ లాండావర్ 1961లో, ఆయన తరువాత 1982లో చార్లెస్ బెన్నెట్, మూల్యం కొలవడంలో లేదనీ, కొలిచి రాసుకున్నదాన్ని చెరిపివేయడంలో ఉందనీ వాదించారు. ఒక బిట్‌ను చెరిపితే కనీసం అంతే వేడి, అంటే అదే 2.9×10⁻²¹ జౌళ్లు, పరిసరాల్లోకి పోవాలి.

ఇంత చిన్న వేడిని కొలవడం సాధ్యమని లాండావర్ కాలంలో ఎవరూ అనుకోలేదు. 2012లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో, నీటిలో తేలే రెండు మైక్రోమీటర్ల సిలికా పూసను లేజర్ కాంతితో ఏర్పరచిన రెండు గుంటల్లో ఏదో ఒకదానిలో నిలిపి, పూస ఎడమ గుంటలో ఉంటే సున్నా, కుడి గుంటలో ఉంటే ఒకటి అని అనుకుని, రెండు గుంటల మధ్య గట్టును తగ్గించి నీటిని కొద్దిగా ప్రవహింపజేసి పూసను ఎటున్నా ఒకే వైపుకు చేర్చి, అలా బిట్‌ను చెరిపినప్పుడు వెలువడిన వేడిని దాని కదలికల నుంచి లెక్కకట్టారు. తొందరగా చెరిపితే వేడి ఎక్కువ, నిదానంగా చెరిపే కొద్దీ అది తగ్గుతూ లాండావర్ చెప్పిన హద్దు దగ్గరికి వచ్చి ఆగింది. దానికి రెండేళ్ల ముందు జపాన్‌లో షోయిచి తోయాబే, మసాకి సానో బృందం దీనికి ఎదురు పనిని చేసి చూపింది: మెట్ల లాంటి శక్తి అమరికలో అటూ ఇటూ ఊగే రేణువు తనంతట తాను ఒక మెట్టు పైకెక్కినప్పుడల్లా, ఆ సంగతి గమనించి, వెనక అడ్డు పెట్టి, సమాచారాన్ని నూటికి 28 పాళ్ల సామర్థ్యంతో శక్తిగా మార్చారు.

ఈ ప్రయోగాల నుంచి వచ్చిన మరో సంగతి మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. లియోన్ పూస విషయంలో లాండావర్ హద్దు సగటుకు మాత్రమే వర్తిస్తుంది. చెరిపివేతను పదేపదే చేస్తే కొన్నిసార్లు హద్దు కంటే తక్కువ వేడి వెలువడుతుంది, కొన్నిసార్లు చుట్టూ ఉన్న నీటి నుంచి పూస ఎదురు వేడి తీసుకుంటుంది. ఇలాంటి తారుమార్లు ఎంత తరచుగా జరగవచ్చునో క్రిస్టఫర్ జార్జిన్‌స్కీ 1997లో, గావిన్ క్రూక్స్ 1999లో కనుగొన్న సూత్రాలు కచ్చితంగా చెబుతాయి. కొన్ని బిట్ల మేర రెండో నియమానికి ఎదురు నడవడం మామూలే, వంద బిట్ల మేర ఎదురు నడిచే అవకాశం రెండును వందసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒక వంతు మాత్రమే, గ్రాము నీటిలోని 10²¹ బిట్ల మేర అంటే ఆ మాటకు అర్థమే లేదు. రెండో నియమం ప్రకృతి విధించిన నిషేధంలా కనిపించడానికి కారణం పరిమాణం పెద్దది కావడమే.

పెద్ద కొలతల్లో

ఎదురు దిశలో, అంటే పెద్ద పరిమాణాల వైపు వెళితే మరో రకం మార్పు కనిపిస్తుంది. భూమి సూర్యుని నుంచి ఎంత శక్తి పొందుతుందో దాదాపు అంత శక్తినీ తిరిగి అంతరిక్షంలోకి వదిలేస్తుంది. వచ్చే కాంతి దాదాపు 5,800 కెల్విన్‌ల ఉపరితలం నుంచి వస్తుంది, పోయే పరారుణ కిరణాలు సగటున 255 కెల్విన్‌ల వద్ద పోతాయి, కాబట్టి వచ్చిన ఒక్కో కాంతి రేణువుకు బదులుగా సుమారు ఇరవై రేణువులు బయటికి పోతాయి. భూమి మీది వానా గాలీ చెట్టూ పుట్టా నడిచేది ఈ ఇరవై రెట్ల తేడా మీద, ఇందులో వచ్చిపోయే మొత్తం శక్తికి ప్రమేయం తక్కువ.

విశ్వమంతటా పరుచుకున్న 2.7 కెల్విన్‌ల సూక్ష్మతరంగ వికిరణంలో ఘన సెంటీమీటరుకు 411 కాంతి రేణువులున్నాయి, ఒక్కోదానికి 5.2 బిట్లు చొప్పున 2,100 బిట్లకు పైగా. చూడగలిగినంత మేర విశ్వంలోని ఈ వికిరణాన్నంతా కలిపితే సుమారు 8×10⁸⁹ బిట్లు. ఇది చాలా పెద్ద సంఖ్యే, అయినా మన పాలపుంత నడిమధ్యన ఉన్న, సూర్యుడి కంటే 43 లక్షల రెట్ల బరువైన ఒక్క కృష్ణబిలానికి ఆపాదించే ఎంట్రోపీ దీనికి మూడు రెట్లకు పైగా ఉంది. జేకబ్ బెకెన్‌స్టైన్ 1972లో వేసిన ప్రతిపాదనా, దాన్ని మొదట వ్యతిరేకించిన స్టీఫెన్ హాకింగే 1974లో పూర్తిచేసిన గణనా ఇచ్చే సూత్రం ప్రకారం కృష్ణబిలం ఎంట్రోపీ దాని ఉపరితల వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, చదరపు మీటరుకు సుమారు 1.4×10⁶⁹ బిట్లు. మంచులో, నీటిలో, ఆవిరిలో బిట్లు ఘనపరిమాణంతో పాటు పెరిగాయి. ఇక్కడ లోపలి ఘనపరిమాణానికి ప్రమేయమే లేకుండా పైపొరను బట్టి పెరుగుతాయి. సూర్యుడిలో ఇప్పుడున్న ఎంట్రోపీ 10⁵⁸ బిట్ల స్థాయిలో ఉంటుంది, అంతే బరువున్న కృష్ణబిలానికి 1.5×10⁷⁷ బిట్లు.

ఈ సంఖ్యలను మంచు సంఖ్యలతో సమానంగా నమ్మడానికి వీల్లేదు. సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత కెల్విన్‌లో కోటి వంతుకు కూడా చాలదు గనుక, చుట్టూ ఉన్న 2.7 కెల్విన్‌ల వికిరణం నుంచి అది వేడిని పీల్చుకుంటుందే తప్ప తన వేడిని చూపించదు, దాన్ని పట్టి కొలిచే కెలోరీమీటరు ఉండదు. కొలవగలిగినది వైశాల్యం మాత్రమే. 2015 సెప్టెంబరు 14న లైగో పరికరాలు పట్టుకున్న గురుత్వాకర్షణ తరంగాలను మాక్సిమిలియానో ఇసి, విల్ ఫార్ తదితరులు 2021లో మళ్లీ విశ్లేషించి, ఢీకొనక ముందు రెండు కృష్ణబిలాల వైశాల్యం కలిపి దాదాపు 2,35,000 చదరపు కిలోమీటర్లనీ, కలిసిన తరువాత దాదాపు 3,67,000 చదరపు కిలోమీటర్లనీ లెక్కతేల్చారు. వైశాల్యం తగ్గలేదనడానికి నూటికి 95 పాళ్లకు మించిన నమ్మకం చిక్కింది. పెరిగిన వైశాల్యాన్ని బిట్లలోకి మారిస్తే 10⁸⁰ దాటుతుంది, అయితే ఆ మార్పిడి మాత్రం సిద్ధాంతం మీద ఆధారపడినదే, ప్రయోగం చూపింది కాదు.

ఆ బిట్లు వేటిని లెక్కపెడుతున్నాయన్న ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు లేదు. 1996లో ఆండ్రూ స్ట్రోమింగర్, కుమ్రున్ వఫా తంతు సిద్ధాంతం సాయంతో ఒక ప్రత్యేక తరహా కృష్ణబిలాల సూక్ష్మస్థితులను నేరుగా లెక్కించి, బెకెన్‌స్టైన్, హాకింగ్ సూత్రం ఇచ్చిన సంఖ్యనే రాబట్టారు. కాని ఆ కృష్ణబిలాలు ఐదు మితుల్లో ఉండేవి, విద్యుదావేశం వంటి లక్షణాలు హద్దు దాకా నిండినవి, ఆకాశంలో కనిపించే వాటిని పోలినవి కావు. ఆకాశంలో కనిపించే కృష్ణబిలాల విషయంలో, పౌలింగ్ పదహారు అమరికల్లో ఆరింటిని ఏరినట్టు వేలు పెట్టి చూపించగల సూక్ష్మస్థితుల జాబితా ఇంతవరకు ఎవరూ అందరూ ఒప్పుకునేలా తయారుచేయలేదు.